చర్మం మీద మద్యాన్ని కొలిచే బ్యాండ్లు: కర్నూలు కుటుంబాలు, డ్రైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చేతికో కాలికో కట్టుకుంటే ఒంట్లో మందు ఉందో లేదో చెప్పే బ్యాండ్ల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది భార్యలు, తల్లులు. తర్వాత 44వ నంబరు హైవే మీద బండ్లు నడిపేవాళ్లు, వాళ్ల ఓనర్లు. మానాలని నిజంగా తంటాలు పడుతున్న మనిషే వచ్చి అడగడం తక్కువ. కానీ ఈ వస్తువు ఎవరికైనా బాగా పనికొస్తుందంటే అది ఆ మనిషికే. కింది జవాబులు చదివితే అలా ఎందుకు అంటున్నానో తెలుస్తుంది.

మందు తాగేది నోటితో కదా, చర్మం మీద దాన్ని ఎట్లా పట్టుకుంటారు?

తాగిన ఆల్కహాల్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా కాలేయమే విరగ్గొడుతుంది. మిగిలింది ఊపిరిలో, మూత్రంలో, చర్మం గుండా అట్లాగే బయటికి పోతుంది. చర్మం వాటా దాదాపు ఒక శాతం. బ్యాండ్‌కు ఆధారం ఆ ఒక్క శాతమే.

బ్యాండ్ అడుగున, చర్మానికీ సెన్సరుకూ నడుమ చిన్న ఖాళీ ఉంటుంది. చర్మం నుంచి లేచిన ఆవిరి అందులో చేరి, ప్లాటినం ఉన్న ఫ్యూయల్ సెల్‌ను తాకుతుంది. అక్కడ ఆల్కహాల్ ఆక్సీకరణం చెంది ఎలక్ట్రాన్లను వదులుతుంది, దాంతో సన్నగా కరెంటు పుడుతుంది. ఆవిరి పెరిగితే కరెంటు పెరుగుతుంది. పోలీసులు ఊదించే మంచి రకం బ్రీత్ ఎనలైజర్లలోనూ ఇదే ఫ్యూయల్ సెల్ ఉంటుంది. అయితే ఊదించేది ఆ ఒక్క క్షణాన్ని చూపిస్తుంది, బ్యాండ్ మాత్రం రాత్రంతా రాసుకుంటూ పోతుంది.

ఇది కొత్తగా వచ్చిందా?

కాదు. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన వైద్యుడు రాబర్ట్ స్విఫ్ట్ 1990ల మొదట్లోనే ఈ పద్ధతిని పరీక్షించి చూపించారు. 2003లో స్క్రామ్ అనే కాలి పట్టీ అక్కడి కోర్టుల వాడకంలోకి వచ్చింది. అది అరగంటకోసారి కొలుస్తుంది. 2016లో అమెరికా ప్రభుత్వ ఆల్కహాల్ పరిశోధన సంస్థ మణికట్టుకు కట్టుకునే సెన్సర్ల కోసం పోటీ పెట్టింది. బ్యాక్‌ట్రాక్ కంపెనీ తయారుచేసిన స్కిన్ అనే బ్యాండ్ అందులో 2 లక్షల డాలర్ల మొదటి బహుమతి గెలుచుకుంది. అది 20 సెకన్లకోసారి రీడింగ్ తీసుకుంటుంది. అదే ఏడాది కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో పరిశోధకులు పచ్చబొట్టులా అతికించే పట్టీని చూపించారు. చిన్న కరెంటుతో పైలోకార్పిన్ అనే మందును చర్మంలోకి పంపి చెమట పట్టించి, ఆ చెమటలో ఆల్కహాల్‌ను ఎంజైముతో కొలవడం దాని పద్ధతి.

చెమట పట్టకపోతే పనిచేయదా? మరి మన ఎండల్లో?

చెమట కారకపోయినా పనిచేస్తుంది. మనకు కనిపించకుండానే చర్మం నుంచి ఎప్పుడూ తేమ ఆవిరవుతూ ఉంటుంది, ఆల్కహాల్ దాని వెంటే వస్తుంది. చలికాలం ఏసీ గదిలో పడుకున్నా రీడింగ్ వస్తుంది.

ఎండాకాలం సంగతి మాత్రం ఆలోచించాల్సిందే. మే నెలలో కర్నూలులో 42, 43 డిగ్రీలు మామూలు. ఆ వేడికి చర్మానికి రక్తం ఎక్కువగా పారుతుంది, చెమట కారుతుంది, ఒక్కోసారి సెన్సరు ముందున్న ఖాళీ తడిసిపోతుంది. రీడింగులన్నీ కలిపి గీసే గ్రాఫులో, ఒకే మనిషి అంతే మందు తాగినా జనవరి గీత ఒకలా, మే గీత ఒకలా వచ్చే అవకాశం ఉంది. అందుకే ఈ పరికరాల్లో చర్మం వేడిని కూడా కొలుస్తారు. బేతంచెర్ల నాపరాయి గనుల్లో పగలంతా పనిచేసే మనిషి బ్యాండ్‌ను చూసేటప్పుడు అంకె కంటే గీత పోకడ మీదే దృష్టి పెట్టాలి.

తాగిన ఎంతసేపటికి చూపిస్తుంది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

వెంటనే చూపించదు. మందు కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి చర్మం పొరల్లోకి, అక్కడినుంచి ఆవిరిగా సెన్సరు దాకా రావాలి. సుంకేసుల దగ్గర కేసీ కాలువకు నీళ్లు వదిలిన పూటే కడప ఆయకట్టులో మడి తడవదు, ఇదీ అంతే. రక్తంలో మందు శిఖరానికి చేరాక, చర్మం మీద ఆ శిఖరం కనబడటానికి అరగంట నుంచి రెండు గంటలు, కొన్నిసార్లు అంతకు మించి పడుతుంది. చర్మం మందం, తాగిన మోతాదు, బ్యాండ్ రకం, కట్టుకున్న చోటు అన్నీ దీన్ని మారుస్తాయి.

ఈ ఆలస్యం వల్ల బ్యాండ్ రెండు వైపులా తప్పు చూపిస్తుంది. తాగుతున్నప్పుడు రక్తంలో మత్తు పైకి ఎగబాకుతుంటే బ్యాండ్ ఇంకా కింది అంకెనే చూపిస్తుంది. దిగుతున్నప్పుడు రక్తం తేటపడుతున్నా బ్యాండ్ పై అంకె దగ్గరే ఉంటుంది. రెండోదానితో కలిగే నష్టం చిన్నది. మొదటిది ప్రాణాల మీదికి తెస్తుంది. ధాబాలో రెండు పెగ్గులు వేసి, బ్యాండ్ సున్నా చూపిస్తోందని స్టీరింగ్ పట్టుకునే మనిషిని ఆ సున్నా కాపాడదు.

అయితే బ్యాండ్ చూసుకుని బండి నడపొచ్చా, లేదా?

నడపకూడదు. ఏ బ్యాండ్ ఏ అంకె చూపినా, తాగిన రాత్రి బండి తీయకూడదు.

2025 అక్టోబరులో 44వ నంబరు హైవే మీద చిన్నటేకూరు దగ్గర తెల్లవారుజామున బస్సు తగలబడి ప్రయాణికులు నిద్రలోనే కాలిపోయారు. ఆ బస్సు కింద పడిన బైకును నడిపిన యువకుడు మద్యం తాగినట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. ఆ దారిన రోజూ తిరిగే మనకు ఇది పేపర్లో చదివి పక్కన పెట్టే సంగతి కాదు.

ఒక లెక్క చూడండి. 180 మి.లీ. క్వార్టర్ సీసాలో 42.8 శాతం బలంతో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 65 కిలోల మగమనిషి రాత్రి 11 గంటలకల్లా దాన్ని పూర్తిచేస్తే, 100 మి.లీ. రక్తంలో 130 మిల్లీగ్రాముల దరిదాపుల్లోకి చేరొచ్చు. కాలేయం గంటకు సుమారు 15 చొప్పున దాన్ని తగ్గిస్తుంది. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, ఇంకేం చేసినా ఆ వేగం పెరగదు. తెల్లవారి 5 గంటలకు లెక్క వేస్తే ఇంకా 40 దగ్గర ఉంటుంది. చట్టం పెట్టిన హద్దు 30. ఆ మనిషి నిద్ర లేచి, ముఖం కడుక్కుని, టీ తాగి, బాగానే ఉన్నాననుకుంటూ పాణ్యం నుంచి సిమెంటు లోడుతో బయలుదేరుతాడు. ఆడవాళ్లలో శరీరంలోని నీటి పాలు తక్కువ కాబట్టి అదే క్వార్టర్‌కు అంకె ఇంకా పైకి పోతుంది.

పొద్దున్నే డ్యూటీ ఎక్కే డ్రైవర్లకు బ్యాండ్ కంటే ఈ లెక్కే ఎక్కువ ఉపయోగం.

పోలీసులు పట్టుకున్నప్పుడు "నా బ్యాండ్‌లో లేదు సార్" అని చూపిస్తే?

దాంతో కేసు పోదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. బ్రీత్ ఎనలైజర్‌తో గానీ, ల్యాబ్ పరీక్షతో సహా ఇతర పరీక్షతో గానీ తేలాలి. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. ఊదమన్నప్పుడు ఊదడమే మంచిది. అంకె తప్పని అనుమానముంటే రక్తపరీక్ష అడగండి.

బ్యాండ్ చూపే అంకె, రక్తపరీక్ష అంకె ఒకటేనా?

ఒకటి కాదు. చర్మం మీది ఆవిరిని రక్తం అంకెగా మార్చే లెక్క మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో రోజు రోజుకీ మారుతుంది. పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో ఈ తేడాను తగ్గించాలని ఏళ్లుగా పనిచేస్తున్నారు. తాగాడా లేదా, ఏ పూట మొదలైంది, కొంచెమా ఎక్కువా అన్న మూడు సంగతులూ బ్యాండ్ బాగానే చెబుతుంది. నిన్న రాత్రి సరిగ్గా ఎంత అంటే నమ్మదగ్గ జవాబు రాదు. ఒకటి రెండు చిన్న పెగ్గులు, ఒక లైట్ బీరు లాంటివి ఒక్కోసారి దాని కంట పడకుండానే పోతాయి.

శానిటైజర్ రాసుకున్నా, సెంటు కొట్టుకున్నా తాగినట్టే చూపిస్తుందట కదా?

చూపిస్తుంది. శానిటైజర్, సెంటు, ఆఫ్టర్ షేవ్, ఇంజెక్షన్ ముందు రుద్దే స్పిరిట్ వీటన్నిటిలో ఆల్కహాల్ ఉంటుంది. బ్యాండ్ దగ్గర తగిలితే గీత ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, అంతే వేగంగా పడిపోతుంది. తాగిన గీత నిదానంగా లేచి, గంటల తరబడి ఉండి, నిదానంగా దిగుతుంది. గీతను చదవడం వచ్చినవాళ్లకు ఈ తేడా తెలిసిపోతుంది. ఫోన్‌లో తాగినట్టు హెచ్చరించే ఎర్ర చుక్క చూసిన భార్యకు తెలియదు. ఆసుపత్రిలో పనిచేసే మనిషి శానిటైజర్ వల్ల ఇంట్లో దొంగ అనిపించుకోకూడదు కదా. ఎర్ర చుక్క కనబడగానే గొడవకు దిగకండి. గంట ఆగి, గీత ఏం చేస్తోందో చూడండి.

మా నాయనకు షుగర్ ఉంది. దానివల్ల తప్పుగా చూపిస్తుందా?

షుగర్ అదుపు తప్పినప్పుడు ఒంట్లో పుట్టేది అసిటోన్. ఫ్యూయల్ సెల్ దానికి పెద్దగా స్పందించదు. చవక రకం సెమీకండక్టర్ సెన్సర్లు మాత్రం అసిటోన్‌కూ అదిరిపడతాయి. కొనేముందు లోపల ఏ సెన్సరుందో అడగండి. ఇంకొకటి, షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు తిండి లేకుండా తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తూలుతూ చెమటలు పడుతున్న మనిషిని తాగి పడ్డాడులే అని వదిలేయొద్దు.

నాటుసారా, కల్లు కూడా పట్టుకుంటుందా?

సారా అయినా, ఖరీదైన విస్కీ అయినా, చెట్టు కల్లు అయినా అందులో మత్తెక్కించేది ఇథైల్ ఆల్కహాలే కాబట్టి పట్టుకుంటుంది. కానీ రెండు ప్రమాదాలున్నాయి.

కల్తీ సారాలో మిథైల్ ఆల్కహాల్ ఉంటే ఫ్యూయల్ సెల్ దానికీ స్పందిస్తుంది, కానీ ఏది ఏదో విడదీసి చెప్పలేదు. తాగిన కొన్ని గంటలకో మర్నాడో చూపు మసకబారినా, కడుపులో తీవ్రంగా నొప్పి వచ్చినా, ఊపిరి ఎగబోసినా బ్యాండ్ వైపు చూస్తూ కూర్చోకండి, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. దానికి విరుగుడు ఉంది, కానీ ఆలస్యమైతే కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది.

కల్తీ కల్లులో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ లాంటి మత్తుమందులు. ఈ బ్యాండ్‌కు అవి కనిపించవు. మనిషి మత్తులో జోగుతూ ఉంటాడు, బ్యాండ్ మాత్రం తక్కువే చూపిస్తుంది. అలాంటప్పుడు మీ కళ్లను నమ్మండి.

తీసేసి తాగి మళ్లీ కట్టుకుంటే? కింద ప్లాస్టిక్ కవరు పెడితే?

కోర్టుల కోసం చేసిన కాలి పట్టీల్లో చర్మానికి ఎంత దగ్గరగా ఉందో చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు, ఒంటి వేడిని చూసే సెన్సరు, పట్టీ కోస్తే తెలిసిపోయే ఏర్పాటు ఉంటాయి. మణికట్టు బ్యాండ్‌ను ఎప్పుడైనా విప్పొచ్చు, విప్పిన సంగతి రికార్డులో ఖాళీగా కనబడుతుంది. మోసం చేయాలనుకున్న మనిషికి దారులు దొరుకుతాయి. ఇంట్లో వాళ్లు పట్టుకునేవాళ్లుగా, ఆయన తప్పించుకునేవాడుగా మారిపోయాక మానడం అన్న అసలు పని మూలన పడుతుంది.

స్నానం, ఈత?

కాలి పట్టీతో చెంబుతో పోసుకునే స్నానం చేయొచ్చు. తుంగభద్రలో మునగడం, కాలువలో ఈత కుదరవు. మణికట్టు బ్యాండ్‌ను స్నానానికి ముందు తీయండి, చేయి ఆరాక కట్టుకోండి.

దీనివల్ల తాగుడు మానతారా?

కట్టుకున్నన్నాళ్లూ తాగుడు తగ్గడం అమెరికాలో చాలామందిలో చూశారు. అక్కడ రెండు పద్ధతులు నడిచాయి. ఒకటి శిక్షతో ముడిపెట్టింది. సౌత్ డకోటా రాష్ట్రంలో 2005లో మొదలైన 24/7 కార్యక్రమంలో తాగి నడిపి పట్టుబడినవాళ్లు రోజుకు రెండుసార్లు ఊదాలి, లేదా కాలి పట్టీ కట్టుకోవాలి. తాగినట్టు తేలితే శిక్ష చిన్నదే, కానీ వెంటనే పడుతుంది. వేల్స్‌లో 2020 నుంచి, ఇంగ్లండ్‌లో 2021 నుంచి కోర్టులు ఇలాంటి పట్టీలు వేయిస్తున్నాయి. రెండో పద్ధతి బహుమతిది. తాగని రోజులకు డబ్బు ఇస్తూ పట్టీతో సరిచూసిన పరిశోధనల్లో తాగని రోజులు పెరిగాయి.

తీసేశాక నిలబడటానికి మాత్రం బ్యాండ్ చాలదు. తాగాలనే తపనను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు, కౌన్సెలింగ్, తాగని సాయంత్రాన్ని నింపే మనుషులు, పని ఇవన్నీ కావాలి. మానాలని తనే నిర్ణయించుకున్న మనిషి చేతికి మాత్రం బ్యాండ్ గొప్ప తోడు. పది రోజుల తేట గీతను డాక్టరు ముందు పెట్టి "చూడండి సార్" అనగలిగిన మనిషి మాట ఇంట్లో మళ్లీ నిలబడుతుంది. ఏళ్లుగా ఎవరూ నమ్మని మనిషికి అది ఎంత పెద్ద విషయమో ఆ ఇంట్లో వాళ్లకే తెలుసు.

ఆయనకు తెలియకుండా మామూలు వాచీ అని చెప్పి కట్టొచ్చా మేడం?

వద్దమ్మా. తెలిసిన రోజు ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది, తర్వాత డాక్టరు దగ్గరికి రమ్మన్నా రాడు.

దీని వెంటే వచ్చే ఇంకో ప్రశ్నకు ఇంకా గట్టిగా చెప్పాలి. "తాగుడు మాన్పించే మాత్ర" అని డైసల్ఫిరామ్‌ను సాంబారులో, మజ్జిగలో కలిపి పెట్టేవాళ్లున్నారు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్న మనిషి చనిపోవచ్చు కూడా. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వాడాల్సిన మందు అది. దొంగతనంగా ఎవరు పెట్టమన్నా పెట్టకండి.

రోజూ తాగే మనిషికి బ్యాండ్ కట్టి, రేపటి నుంచి చుక్క ముట్టొద్దంటే?

చాలా ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే, మొదటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం, గుండెదడ వస్తే అది ప్రాణం తీసే స్థితి. తాగడం లేదు కాబట్టి బ్యాండ్ సున్నా చూపిస్తూ ఉంటుంది. గీత బాగుందని ఇంట్లో సంతోషిస్తుంటే లోపల మనిషి ప్రమాదంలో పడుతుంటాడు. అందుకే పొద్దున లేవగానే వణుకు తగ్గడానికి మద్యం కావలసిన మనిషిని, గతంలో ఆపినప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషిని ఇంట్లో ఆపించొద్దు. ఆసుపత్రిలో చేర్చి, థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లతో, వణుకును అదుపు చేసే మందులతో నాలుగైదు రోజులు దగ్గరుండి చూసుకుంటే నిదానంగా బయటపడతాడు.

మా లారీల డ్రైవర్లందరికీ కట్టించొచ్చా?

డ్యూటీ ఎక్కే ముందు ఊదించండి. ఆర్టీసీ డిపోల్లో చేసేది అదే. ఆ క్షణపు నిజం చెప్పేది అదే కాబట్టి మీకు కావలసిందీ అదే. బ్యాండ్ మనిషి సెలవు రాత్రిని, ఇంట్లో గడిపిన పూటను కూడా రాసుకుంటుంది. అది అతని సొంత బతుకు. ఇలాంటి వివరాలు సేకరించాలంటే మామూలుగా ఎందుకో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం. "కట్టుకోకపోతే పని లేదు" అని తీసుకున్న సంతకాన్ని నేను ఒప్పుకోలు అనను. డ్రైవర్ ఎవరైనా మానాలని తనంతట తనే ముందుకొస్తే, చికిత్స పొందే రోజులకు జీతంతో సెలవు ఇవ్వండి.

మామూలు స్మార్ట్ వాచీ చెప్పలేదా?

చెప్పలేదు. తాగిన రాత్రి గుండె వేగం పెరగడం, నిద్ర చెడటం వాచీకి కనిపిస్తాయి. జ్వరమొచ్చినా, ఇంట్లో గొడవైనా అవే కనిపిస్తాయి. ఆల్కహాల్ ఆవిరిని కొలిచే సెన్సరు వేరు.

కర్నూలులో యాడ దొరుకుతుంది?

గ్లూకోమీటరు మాదిరి మందుల షాపులో అడిగి తెచ్చుకునే వస్తువు కాదు ఇది. ఇప్పటిదాకా ప్రధానంగా విదేశీ కోర్టుల్లో, పరిశోధనల్లో వాడుతున్నారు. ఆన్‌లైన్‌లో చవగ్గా కనబడే ఏ బ్యాండైనా కొనేముందు లోపల ఫ్యూయల్ సెల్ ఉందా, మనుషుల మీద పరీక్షించి చూశారా అని అడగండి. జవాబు రాకపోతే డబ్బు దాచుకోండి.

అయితే బ్యాండ్ లేకుండా ఈ వారం ఏం చేయాలి?

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లండి. అనంతపురం, కడప వాళ్లు అక్కడి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో అడగండి. ఫోన్‌లో మాట్లాడాలంటే 14446 వ్యసన విముక్తి సహాయ నంబరు, 14416 టెలీ మానస్. రెండూ ఉచితం. వచ్చేటప్పుడు చివరిసారి ఎప్పుడు తాగారు, రోజుకు ఎన్ని క్వార్టర్లు, ముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్న మూడూ కాగితం మీద రాసుకురండి. వాడుతున్న మాత్రల అట్టలు సంచిలో వేసుకోండి. ఈమధ్య ఎంతగా తాగుతున్నారో డాక్టరు తేల్చుకోవాలంటే పెత్ అనే రక్తపరీక్ష ఉంది, గడిచిన కొన్ని వారాల తాగుడు అందులో కనబడుతుంది. రానని మొండికేస్తే మొదటిసారి మీరొక్కరే రండి, ఆయన గురించి మాట్లాడటానికి ఆయన ఉండాలనే నియమం లేదు.